చీటీ ఆగకూడదు

క్లినిక్‌లకు క్లౌడ్ మీద నడిచే రోగుల రికార్డుల సాఫ్ట్‌వేర్ అమ్ముదామని దిగేవారిలో చాలామంది హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా ఆస్పత్రులకు పనిచేసినవారే. మెడికల్ కోడింగో, బిల్లింగో, అక్కడి ఏదో ఈహెచ్‌ఆర్ కంపెనీకి టెస్టింగో చేసి ఉంటారు. ఆ అనుభవం వృథా కాదు. కాకపోతే దాన్ని ఉన్నదున్నట్టు విజయవాడ సూర్యారావుపేటకో, గుంటూరు కొత్తపేటకో, నెల్లూరు పొగతోటకో మోసుకెళ్తే పని జరగదు.

అమెరికాలో ఈ సాఫ్ట్‌వేర్ బిల్లు చుట్టూ పెరిగింది. అక్కడి డాక్టరు ఏం చూశాడో, ఏం చేశాడో కోడ్‌లతో సహా రాస్తేనే ఇన్సూరెన్స్ కంపెనీ డబ్బిస్తుంది. దానికి తోడు 2009లో ఆ దేశ ప్రభుత్వం హైటెక్ చట్టం తెచ్చి, రికార్డులను కంప్యూటర్‌లోకి మార్చుకున్నవారికి వేల కోట్ల డాలర్ల ప్రోత్సాహకాలు పంచింది. మెడికేర్ రోగులను చూసే ఒక్కో డాక్టరుకు ఐదేళ్లలో 44,000 డాలర్ల దాకా అందే వీలుండేది. మారనివారి చెల్లింపుల్లో తర్వాత కోత పడింది. ఇంత తోపుడు ఉన్నా అక్కడి డాక్టర్లు రాత్రిళ్లు ఇంట్లో కూర్చుని నోట్స్ టైపు చేయాల్సి వస్తోందని తిట్టుకుంటూనే ఉన్నారు.

మన ఓపీలో ఆ తోపుడే లేదు. రోగి కౌంటర్ దగ్గర ఫీజు కట్టి టోకెన్ తీసుకుంటాడు. లోపల డాక్టరు లెటర్‌హెడ్ మీద నాలుగు వరసలు రాస్తారు. ఆ చీటీ రోగి సంచిలోకి, అక్కణ్ణుంచి కింద ఉన్న మెడికల్ షాపులోకి వెళ్తుంది. వివరంగా రాసినందుకు డాక్టరుకు ఒక్క రూపాయి ఎక్కువ రాదు. రాసినందుకు డబ్బు రాని చోట రాయడం ఆలస్యమైతే ఎవరూ భరించరు. సాయంత్రం 60 మంది వచ్చే ఓపీలో మీ సాఫ్ట్‌వేర్ ఒక్కో రోగి దగ్గర ఒక్క నిమిషం ఎక్కువ తీసుకుంటే, డాక్టరు గారు ఇంటికి గంట ఆలస్యంగా వెళ్తారు. రెండో రోజు మీ లాగిన్ తెరవరు. చాలామంది ఫోన్ చేసి వద్దని కూడా చెప్పరు, వాడటం మానేస్తారంతే.

అందుకని ఫీచర్ల జాబితా పక్కన పెట్టి, చీటీ ఎక్కడెక్కడ ఆగిపోగలదో వెతకండి. ఈ అధ్యాయమంతా ఆ వెతుకులాటే.

మొదట ఎవరి దగ్గరికి వెళ్లాలో తేల్చుకోండి. ఊళ్లో పేరున్న జనరల్ ఫిజీషియన్‌ని పట్టుకుంటే మిగతావాళ్లు వాళ్లే వస్తారన్న ఆశ అందరికీ ఉంటుంది. నా లెక్కలో అది తప్పు దారి. ఆయన ఓపీ కిటకిటలాడుతుంది, వచ్చే రోగుల్లో చాలామంది మూడు రోజుల జ్వరాలు, మళ్లీ కనిపించరు. పాత రికార్డుతో ఆయనకు పెద్దగా పని పడదు. షుగర్ డాక్టరుకు పడుతుంది, గత రెండేళ్ల హెచ్‌బీఏ1సీ ఒకే గీతలో కనిపిస్తే ఆవిడ మాట్లాడే తీరే మారుతుంది. పిల్లల డాక్టరుకు టీకాల తేదీలు, ఎదుగుదల చార్టు కావాలి. గర్భిణులను చూసే డాక్టరుకు నెలనెలా బరువు, బీపీ కావాలి. చర్మవ్యాధుల డాక్టరుకు మూడు నెలల కిందటి ఫోటో కావాలి. హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి ఐస్మార్ట్ పేరుతో తన రికార్డుల వ్యవస్థను తానే తయారు చేసుకుంది. కంటికి కావాల్సిన గళ్లు కంటివాళ్లే గీసుకున్నారు కాబట్టే అది అక్కడ ఇమిడిపోయింది. మీరూ ఒక విభాగం ఎంచుకుని, అందులో పాతుకున్నాకే రెండోదాని వైపు చూడండి.

వెళ్లే వేళ కూడా ముఖ్యమే. ఓపీ గంటల్లో మెడికల్ రెప్‌ల వరసలో నిలబడితే మిమ్మల్నీ రెప్ లెక్కలోనే చూస్తారు. మధ్యాహ్నం ఓపీ ముగిసి, సాయంత్రంది మొదలయ్యే లోపు సమయం అడగండి. విషజ్వరాలు ముసిరే ఆగస్టు నుంచి అక్టోబరు దాకా కొత్తగా ఎక్కడా ఇన్‌స్టాల్ చేయకండి, ఆర్డరు చేతికొచ్చినా సరే.

టైపు చేయని డాక్టర్ల గురించి ఒక మాట. వాళ్లకు కంప్యూటర్ రాదనుకోకండి. రోగి మొహం చూస్తూ రాయడం వాళ్లకు అలవాటు, ఆ అలవాటు మంచిదే. వాళ్లను కలంతోనే రాయనివ్వండి. బరువు, బీపీ, షుగర్ బయట నర్సు ఎక్కించాలి, చీటీని రిసెప్షన్‌లో ఫోటో తీసి ఆ రోగి పేరు కింద పెట్టాలి. మొదటి మూడు నెలలకు ఇంతే చాలు. టైపు చేసేవారికైతే మందుల జాబితా ముఖ్యం. దేశంలో దొరికే మందులన్నీ మీ దగ్గర ఉండటం గొప్పేమీ కాదు. కింద షాపులో ఉండే, ఆ డాక్టరు రోజూ రాసే మందులు రెండు అక్షరాలు కొట్టగానే పైకి రావాలి. జెనరిక్ పేరు పెద్ద అక్షరాల్లో, చదవగలిగేలా రాయాలని మెడికల్ కౌన్సిల్ 2016లోనే చెప్పింది. ఆ వరస మీ ప్రింటులో దానంతటదే రావాలి. దాని కింద ‘పొద్దున తిన్న తర్వాత ఒకటి’ అని తెలుగులో పడితే, రోగి మళ్లీ లోపలికొచ్చి అడిగే పని తప్పుతుంది. ఒక్క ఈ తెలుగు వరస కోసమే సాఫ్ట్‌వేర్ తీసుకునే డాక్టర్లుంటారు.

పేర్ల చిక్కు

డెమోలో ఎవరూ అడగరు కానీ, నెల తిరిగేసరికి పుట్టే గొడవల్లో చాలావాటికి మూలం రోగి పేరే. కొల్లిపర నుంచి వచ్చే లక్ష్ములు ముగ్గురుంటారు. ఒకావిడకు ఆధార్‌లో ఇంటిపేరుతో పొడుగాటి పేరుంటుంది, ఓపీ పుస్తకంలో ‘లక్ష్మి, కొల్లిపర’ అనే ఉంటుంది. అదే పేరుకు పొద్దుటి షిఫ్టు అమ్మాయి ఇంగ్లీషులో ‘కేఎస్‌హెచ్’ కొడుతుంది, సాయంత్రం అమ్మాయి ‘ఎక్స్’ కొడుతుంది. ఫోన్ నంబరు అడిగితే బెంగళూరులో ఉన్న కొడుకుది ఇస్తారు. అదే నంబరు మీద భర్త, అత్తగారు, మనవడు కూడా ఉంటారు. వయసు అడిగితే ‘అరవై ఉంటాయమ్మా’ అంటుంది, ఆరు నెలల తర్వాత వచ్చినప్పుడు ‘అరవై అయిదు రాసుకో’ అంటుంది.

పుట్టినతేదీ తప్పనిసరి అనే ఎర్ర చుక్క మన ఓపీలో పనికిరాదు. దాన్ని దాటడానికి రిసెప్షనిస్టు అందరికీ జనవరి ఒకటే పెట్టేస్తుంది, మీ డేటా అక్కడే పాడవుతుంది. సుమారు వయసు, ఊరు, ఇంటికి ఒక నంబరు, దాని కింద మనుషులు, ఈ నాలుగింటి మీద వెతుకులాట నడవాలి. స్పెల్లింగు ఎలా ఉన్నా పలికే తీరును బట్టి పేరు దొరకాలి. ఒకే మనిషివని రెండు ఫైళ్లను కలిపేటప్పుడు డాక్టరు ఒప్పుకోవాలి, కలిపింది మళ్లీ విడదీయగలగాలి. ఒక లక్ష్మికి పెన్సిలిన్ పడదన్న సంగతి ఇంకో లక్ష్మి ఫైలులోకి పోతే ఏమవుతుందో డాక్టరుకు మీరు వివరించనక్కర్లేదు.

ఇక్కడే ఆభా సంగతి. 2020 ఆగస్టు 15న ప్రకటించి ఆరు కేంద్రపాలిత ప్రాంతాల్లో ప్రయోగంగా మొదలుపెట్టిన డిజిటల్ హెల్త్ మిషన్‌ను 2021 సెప్టెంబరు 27న ఆయుష్మాన్ భారత్ పేరు కలిపి దేశమంతటికీ తెచ్చారు. దాని కింద వచ్చే 14 అంకెల ఆభా నంబరు రోగి దగ్గరుంటే పేర్ల చిక్కు చాలావరకు వీడుతుంది. కౌంటర్ మీది క్యూఆర్ కోడ్‌ను ఫోన్‌తో స్కాన్ చేస్తే వివరాలు వాటంతటవే వస్తాయి. మీ సాఫ్ట్‌వేర్‌ను ఆ వ్యవస్థతో కలపండి, శాండ్‌బాక్స్‌లో పరీక్షలు పూర్తి చేయండి, రికార్డుల మార్పిడికి వాడే ఫైర్ (FHIR) ప్రమాణంలో వాటిని పంపగలిగేలా చూసుకోండి. కానీ ఆభా స్వచ్ఛందం. నంబరు లేదని ఏ రోగికీ మీ తెర అడ్డుపడకూడదు. 2023లో మొదలైన డిజిటల్ హెల్త్ ప్రోత్సాహక పథకం డబ్బు చూపించి ‘సాఫ్ట్‌వేర్ ఖర్చు దానంతటదే వచ్చేస్తుంది డాక్టరు గారూ’ అని మాత్రం అమ్మకండి. పథకాల షరతులు, గడువులు మారుతుంటాయి, మీ మాట మాత్రం ఆయనకు గుర్తుండిపోతుంది.

నెట్ పోయిన సాయంత్రం

క్లౌడ్ అనగానే డాక్టరు అడిగే మొదటి ప్రశ్న ‘నెట్ పోతే?’ దీనికి నోటితో జవాబు చెప్పకండి. డెమో మధ్యలో మీరే వైరు పీకేసి, ఇంకో రోగిని నమోదు చేసి, చీటీ ప్రింటు తీసి చూపించండి. ఆనాటి టోకెన్లు, రివ్యూకి రావాల్సినవారి పాత రికార్డులు, మందుల జాబితా, ఇవన్నీ క్లినిక్ కంప్యూటర్‌లోనే తాళం వేసిన నకలుగా ఉండాలి. నెట్ వచ్చాక పైకి ఎక్కాలి. ఇది చేయలేని సాఫ్ట్‌వేర్‌ను జిల్లా కేంద్రం దాటించి అమ్మకండి.

ఇన్‌స్టాల్ చేసే రోజు ఒక్కటి తప్పక చూడండి, రౌటరుకు ఇన్వర్టర్ లైను ఉందా? చాలా క్లినిక్‌లలో లైటు, ఫ్యాను, డాక్టరు కంప్యూటర్ ఇన్వర్టర్ మీదుంటాయి, రౌటరు మాత్రం రిసెప్షన్ గోడకు మామూలు ప్లగ్గులో ఉంటుంది. కరెంటు పోగానే మీ క్లౌడ్ కూడా పోతుంది, తిట్లు మీకు పడతాయి. ఎలక్ట్రీషియన్‌కి చిన్న పని అది. ఆ డబ్బు మీరే పెట్టుకున్నా నష్టం లేదు.

రెండో ప్రశ్న ‘మా రోగుల వివరాలు అమెరికా వెళ్తాయా?’ అమెజాన్ క్లౌడ్‌కు ముంబయిలో 2016 నుంచి, హైదరాబాద్‌లో 2022 నవంబరు నుంచి డేటా కేంద్రాలున్నాయి. అసలు ఒకచోట, నకలు ఇంకోచోట పెట్టి, రెండు ఊళ్ల పేర్లూ ఒప్పందంలో రాయండి. ‘సొంత సర్వర్ అయితే మా భవనంలోనే భద్రంగా ఉంటుంది కదా’ అనే పెద్ద నర్సింగ్ హోమ్‌లకు 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్‌లో జరిగింది గుర్తు చేయండి. రాన్సమ్‌వేర్ దాడితో సర్వర్లు పడిపోయి, అంత పెద్ద సంస్థలో రోజుల తరబడి ఓపీ చేత్తో రాసుకున్నారు. అలాగని క్లౌడ్‌లో పెట్టినంత మాత్రాన మీకు పూచీ దొరికినట్టు కాదు. బ్యాకప్ తీయడం ఒక ఎత్తు, దాన్ని తిరిగి నిలబెట్టి చూడటం ఇంకో ఎత్తు. మూడు నెలలకోసారి నిలబెట్టి చూసి, ఎంతసేపు పట్టిందో డాక్టరుకు ఒక కాగితం పంపండి. దాడి లాంటిది జరిగితే ఆరు గంటల్లోగా కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్‌-ఇన్‌కు తెలపాలన్న ఆదేశం 2022 ఏప్రిల్ నుంచి ఉంది. ఆ ఫోన్ ఎవరు చేయాలో మీ ఇద్దరు ముగ్గురి కంపెనీలో కూడా ముందే తేల్చుకోండి.

కౌంటర్ వెనక అమ్మాయి

డబ్బిచ్చేది డాక్టరు, వాడేది రిసెప్షనిస్టు. ఆమె ఏడాదిలో మారిపోవచ్చు. మీరు రెండు రోజులు కూర్చోబెట్టి నేర్పింది ఆమెతోనే వెళ్లిపోతుంది. అందుకే శిక్షణను మనిషికి కట్టకండి. రెండు మూడు నిమిషాల తెలుగు వీడియోలు చేసి కౌంటర్ కంప్యూటర్‌లోనే పెట్టండి, కొత్తగా చేరిన అమ్మాయి ఒక పూటలో టోకెన్ ఇచ్చేలా ఉండాలి. పాత కాంపౌండర్ ఉన్న చోట ఆయన్ని పక్కకు నెట్టకండి. ఏ రోగి ఎవరి తాలూకో ఆయనకు తెలిసినంత మీ డేటాబేస్‌కు తెలియదు.

ప్రతి మనిషికీ వేరే లాగిన్ ఇవ్వండి. పాస్‌వర్డు మానిటర్‌కు అంటించిన క్లినిక్‌లో రేపు రికార్డు మార్చిందెవరో తేల్చలేరు. 1995లో సుప్రీంకోర్టు వి.పి. శాంత కేసులో, డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని చెప్పినప్పటి నుంచి డాక్టర్లకు వినియోగదారుల కమిషన్ నోటీసు అంటే భయమే. అలాంటి రోజున ఏ తేదీన ఏం రాశారో, తర్వాత ఏది ఎవరు ఎప్పుడు దిద్దారో చెరిగిపోకుండా చూపే రికార్డే వారికి అండ. ‘ఆ లైను వెనక్కెళ్లి మార్చేలా పెట్టండి’ అని ఎవరైనా అడిగితే కుదరదని చెప్పండి. దిద్దుబాటు ఉండొచ్చు, అది దిద్దుబాటులా కనిపించాలి.

కౌంటర్ తెర మీద ఏం కనిపించకూడదో కూడా ఆలోచించండి. 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం, అదే ఏడాది వచ్చిన మానసిక ఆరోగ్య చట్టం రెండూ రోగి గోప్యతను గట్టిగా చెబుతాయి. టోకెన్ ఇచ్చే అమ్మాయికి జబ్బు పేరుతో పనిలేదు. ఇంకొకటి, స్కానింగ్ సెంటర్లకు అమ్మేవారు తప్పక చూడాల్సింది. విదేశీ టెంప్లేట్ దించుకుంటే గర్భిణి స్కాన్ రిపోర్టులో శిశువు లింగం రాసే గడి ఉండొచ్చు. పుట్టబోయే శిశువు లింగం చెప్పడాన్ని నిషేధించే పీసీపీఎన్‌డీటీ చట్టం ఉన్న దేశంలో ఆ గడి ఖాళీగా కనిపించడం కూడా వద్దు. కోడ్‌లోంచే తీసేయండి. ఆ చట్టం అడిగే ఫారం-ఎఫ్ కాగితాల్నీ మీ సాఫ్ట్‌వేర్ వచ్చిందని మానమనకండి.

2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం రోగి వివరాలకు జవాబుదారీ క్లినిక్. మీరు వారి తరఫున వాటిని నిర్వహించేవారు. మీ వల్ల పొరపాటు జరిగినా ముందు అడిగేది క్లినిక్‌నే. భద్రత పాటించకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చు. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, బాధ్యతలు దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి. ఆ అంకె చూపించి డాక్టర్లను భయపెట్టి అమ్మే సేల్స్‌మెన్ ఇప్పటికే తిరుగుతున్నారు. మీరు ఆ పని చేయకండి. మీ ఇద్దరి మధ్య చెల్లుబాటయ్యే ఒప్పందం ఉండాలని చట్టమే అంటోంది, ఆ కాగితం తయారుగా తీసుకెళ్లండి చాలు.

ధర, ఉచితం, విడిపోవడం

ఉచితంగా ఇచ్చి తర్వాత చూసుకుందామన్న ఆలోచన వస్తే ప్రాక్టీస్ ఫ్యూజన్ కథ చదవండి. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2005లో పుట్టిన ఆ కంపెనీ అమెరికాలోని చిన్న క్లినిక్‌లకు క్లౌడ్ రికార్డులను ఉచితంగా ఇచ్చింది. ప్రకటనల మీద, డేటా మీద సంపాదన. డాక్టర్లు వేలల్లో చేరారు. 2018లో ఆల్‌స్క్రిప్ట్స్ దాన్ని 10 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. 2020 జనవరిలో ప్రాక్టీస్ ఫ్యూజన్ నేరాన్ని ఒప్పుకుని 14.5 కోట్ల డాలర్లు కట్టడానికి సిద్ధపడింది. ఓపియాయిడ్ నొప్పి మందుల కంపెనీ దగ్గర డబ్బు తీసుకుని, డాక్టరు చీటీ రాసేటప్పుడు తెర మీద వచ్చే సలహాను ఆ మందుల అమ్మకం పెరిగేలా మలిచిందన్నది అభియోగం. లక్షల కుటుంబాలు ఆ మందులకు అలవాటుపడి కూలిపోతున్న రోజులవి.

మీ దగ్గరికీ ఏదో ఒక రోజు బేరం వస్తుంది. మందుల జాబితాలో ఫలానా బ్రాండు పైన రావాలనో, పేర్లు తీసేసిన అంకెలు చాలనో అడుగుతారు. చీటీ మీద డాక్టరు ఆలోచన తప్ప ఇంకెవరి మాటా ఉండకూడదు. నెల ఫీజు తీసుకోండి, అదొక్కటే మీ ఆదాయమని ఒప్పందంలో రాయండి.

ధర చెప్పేటప్పుడు జీఎస్‌టీ కలిపి చెప్పండి. మీ సేవ మీద 18 శాతం పన్నుంది. వైద్య సేవలకు జీఎస్‌టీ మినహాయింపు ఉంది కాబట్టి డాక్టరు దాన్ని వ్యాపారిలా తిరిగి రాబట్టుకోలేరు. వెయ్యి అని చెప్పి 1,180కి బిల్లు పంపితే మొదటి నెలే మాట పోతుంది. ఇంకో సంగతి. ఎంతమంది వచ్చారో, ఎంత ఫీజు పడిందో వేరేవాళ్ల కంప్యూటర్‌లో ఉండటం కొందరికి నచ్చదు. ఆ మాట పైకి అనరు, ‘తర్వాత చూద్దాం’ అంటారు. ఫీజు లెక్కను వైద్య రికార్డు నుంచి విడిగా ఇవ్వండి, వద్దంటే ఆ భాగం మానేయండి. లెక్క దాచే మీట మాత్రం ఎంత అడిగినా పెట్టకండి.

విడిపోవడం గురించి మొదటి రోజే మాట్లాడాలి. డాక్టరు మిమ్మల్ని వదిలి వెళ్లొచ్చు, మీ కంపెనీయే మూతపడొచ్చు. రెండు సందర్భాల్లోనూ మర్నాటి ఓపీ నడవాలి. రోగికొక పీడీఎఫ్, అన్నీ కలిపి ఒక పట్టిక, ఫోటోలు విడిగా, అడిగిన వారంలోగా, రుసుము లేకుండా. అదీ నమూనా డేటాతో డెమో రోజునే పెన్‌డ్రైవ్‌లో దించి చేతిలో పెట్టండి. ఇన్‌పేషెంట్ రికార్డులు మూడేళ్లు ఉంచాలని, రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నియమావళి చెబుతోంది. బాకీ ఉందని మీరు లాగిన్ ఆపేస్తే ఆ గడువు తప్పేది డాక్టరు. ఫీజు బాకీ పడితే కొత్త నమోదు ఆపండి, పాత రికార్డు చదవడం మాత్రం ఎన్నడూ ఆపకండి.

నర్సింగ్ హోమ్‌లలో ఇంకో తగాదా ఉంటుంది. ఇద్దరు డాక్టర్లు కలిసి పెట్టుకుంటారు, నాలుగేళ్లకు విడిపోతారు. ‘నా రోగుల జాబితా నాకివ్వండి, ఆయనకివ్వకండి’ అని ఇద్దరూ మీకే ఫోన్ చేస్తారు. ఒప్పందం మీద సంతకం క్లినిక్ తరఫున ఎవరు పెడుతున్నారు, భాగస్వాములు విడిపోతే ఏ రికార్డు ఎవరిది, డాక్టరు పోతే ఎవరికి అప్పగించాలి, ఈ మూడూ పేర్లతో సహా అందులో ఉండాలి. ఆ వరసలు నింపడానికి వాళ్లు మొహమాటపడతారు. నింపేదాకా ఇన్‌స్టాలేషన్ తేదీ ఇవ్వకండి.